వాకిలి నుంచి గోడకు

సంక్రాంతి నెలలో తెల్లవారుజామున ఏ ఊళ్లోనైనా వీధిలోకి వచ్చి చూడండి. వీధి పొడుగునా ఆడపిల్లలే. ఒకరి చేతిలో ముగ్గు చిప్ప, ఒకరి పక్కన రంగుల పొట్లాలు, ఇంకొకరు గొబ్బెమ్మలకు పేడ ముద్దలు చేస్తూ. ఇరవై ఒక్క చుక్కలు పెట్టి, వరుస తప్పకుండా కలుపుకుంటూ పోయే పిల్లను చూస్తే ఎంత తొందరలో ఉన్నవాళ్లయినా ఓ నిమిషం ఆగుతారు. స్కూటర్లు ముగ్గు తొక్కకుండా పక్కకు తప్పుకుని పోతాయి. ఆ గంటన్నర సేపు వీధి వాళ్లది.

ఎనిమిదయ్యేసరికి ఆ వీధి చేతులు మారుతుంది. టీ కొట్టు దగ్గర, పాన్ డబ్బా దగ్గర, కల్వర్టు గోడ మీద కూర్చున్నవాళ్లలో ఒక్క ఆడపిల్ల కనిపించదు. పొద్దున అంత పెద్ద ముగ్గేసిన పిల్లే సాయంత్రం ట్యూషన్ నుంచి వస్తూ అదే వీధిలో తల వంచుకుని గబగబా నడిచిపోతుంది.

నేల ఆడవాళ్లకూ గోడ మగవాళ్లకూ రాసిచ్చినట్టు ఉంటుంది మన ఊళ్లలో. గోడ మీద సినిమా పోస్టర్లు, ఎన్నికల రాతలు, సిమెంటు ప్రకటనలు, నాయకుల పుట్టినరోజు శుభాకాంక్షలు. రాసేవాళ్లూ మగవాళ్లే, అంటించేవాళ్లూ మగవాళ్లే, ఆ బొమ్మల్లోంచి మనల్ని చూసే మొహాలూ ఎక్కువగా వాళ్లవే. ముగ్గు మధ్యాహ్నానికి చెదిరిపోతుంది. దాని కింద పేరు ఉండదు. గోడ మీద బొమ్మ ఏళ్ల తరబడి ఉంటుంది, మూలన సంతకం కూడా ఉంటుంది. ముగ్గు వంగి వేయాలి, గోడ మీద బొమ్మ నిలబడి వేయాలి. ఈ చివరి తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, ఈ వ్యాసమంతా దాని గురించే.

పాతికేళ్లలోపు పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, రంగులూ బ్రష్షులూ ఇచ్చి వీధి గోడల మీద బొమ్మలు వేయించే ప్రయత్నాలు ప్రపంచంలో చాలాచోట్ల జరుగుతున్నాయి. ఆడ, మగ అనే మూసలను ప్రశ్నించడం, పిల్లల్లో ధైర్యం నింపడం వాటి ఉద్దేశం. గోడకు రంగు పూస్తే సమాజం మారుతుందా అని అడిగేవాళ్లు ఉన్నారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు వెతకాలంటే ముందు బొమ్మకూ మూసకూ ఉన్న సంబంధం ఏమిటో చూడాలి.

మూస అంటే ముందే చేసిపెట్టిన అచ్చు. ఆడపిల్ల ఇలా ఉంటుంది, మగపిల్లాడు అలా ఉంటాడు అని మనం నోటితో నేర్పేది కొంతే. కళ్లు నేర్చుకునేది చాలా. డేవిడ్ ఛాంబర్స్ అనే పరిశోధకుడు 1983లో ఒక అధ్యయనం ప్రచురించాడు. చిన్న తరగతుల పిల్లలు 4,807 మందిని శాస్త్రవేత్త బొమ్మ వేయమన్నారు. స్త్రీ బొమ్మ వేసినవాళ్లు 28 మంది. ఆ 28 మందీ ఆడపిల్లలే. మగపిల్లల్లో ఒక్కడికీ ఆడ శాస్త్రవేత్త తట్టలేదు. అమెరికాలో ఐదు దశాబ్దాలపాటు జరిగిన ఇలాంటి 78 అధ్యయనాలను 2018లో కలిపి చూశారు. 1985 తర్వాతి వాటిలో సగటున వందమందిలో 28 మంది పిల్లలు స్త్రీని గీశారు. ఆ దశాబ్దాల్లో అక్కడ ఆడ శాస్త్రవేత్తలు పెరిగారు, పుస్తకాల్లోనూ టీవీల్లోనూ కనబడ్డారు, పిల్లల చేతుల్లోని పెన్సిళ్లు కూడా మారాయి. అయితే పిల్లలు పెద్దవుతున్నకొద్దీ మళ్లీ మగ శాస్త్రవేత్తనే ఎక్కువగా గీశారట. అంటే మూస పుట్టుకతో రాదు, వయసుతోపాటు బిగుసుకుంటుంది. కళ్ల ముందున్న బొమ్మలు మారితే సడలుతుంది కూడా. రోజూ బడికి వెళ్లే దారిలో గోడ మీద ఏముందన్నది అందుకే చిన్న విషయం కాదు.

న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో తాత్యానా ఫజ్లలీజాదే అనే చిత్రకారిణి 2012లో చేసిన పని చాలా సాదాది. వీధిలో నడిచే ఆడవాళ్ల వెంట ‘ఏదీ, ఓ నవ్వు నవ్వు’ అంటూ పడే మగవాళ్లతో ఆమె విసిగిపోయింది. తనలాంటి ఇతర ఆడవాళ్లతో కూర్చుని మాట్లాడింది, వాళ్ల మొహాలు గీసింది, వాళ్లు చెప్పదలుచుకున్న ఒక్క మాటను కింద రాసింది. ‘నవ్వమని ఆడవాళ్లకు చెప్పడం మానండి’ అన్నది ఆ వరుసకు పేరైంది. ఆ కాగితాలను పిండి జిగురుతో గోడలకు అంటించింది. మన దగ్గర సినిమా పోస్టర్ల వాళ్లు మైదా ఉడికించి చేస్తారే, అలాంటిదే. ఆ బొమ్మల్లో ఎవరూ నవ్వరు. సూటిగా చూస్తుంటారు. కొందరు వాటిని చింపేశారు, కొందరు వాటి మీదే పెన్నుతో తిట్లు రాశారు, ఆ తిట్ల పక్కన ఇంకెవరో జవాబులు రాశారు. ఆ గొడవను నేను నష్టం కింద లెక్కవేయను. అంతదాకా ఎవరూ పైకి అనని మాట మీద వీధి వాదులాడుకుంది.

పిల్లలతో పని అంటే మాత్రం నాకు ముందు గుర్తొచ్చేది బ్రెజిల్‌లోని రియో డి జనీరో.

అక్కడ పన్మెలా కాస్త్రో అనే చిత్రకారిణి ఉంది. 1981లో పుట్టింది. మగపిల్లల గుంపుల్లో కలిసి, రాత్రిళ్లు గోడలెక్కి రాతలు రాసిన అమ్మాయి. తర్వాత కాపురంలో దెబ్బలు తింది. కలిసి బతుకుతున్నవాడు ఆమెను కొట్టి ఇంట్లోనే బంధించాడు. అప్పటికి ఆ దేశంలో గృహహింసకు సరైన చట్టమే లేదు, ఇంట్లో పడే దెబ్బలను చిన్నపాటి తగాదాగా తీసిపారేసేవాళ్లు. 2006లో వచ్చిన చట్టానికి ఒక బాధితురాలి పేరే పెట్టారు, మరియా ద పెన్యా చట్టమని. ఈ మరియా ఫార్మసిస్టు. 1983లో నిద్రపోతుండగా భర్త తుపాకీతో కాల్చాడు, నడుం కింద భాగం చచ్చుబడిపోయింది. కేసు ఏళ్లకు ఏళ్లు సాగింది. చివరికి 2001లో అమెరికా ఖండాల మానవ హక్కుల సంఘం బ్రెజిల్ ప్రభుత్వానిదే తప్పని తేల్చాక గానీ ఆ దేశం కదల్లేదు.

చట్టమైతే వచ్చింది గానీ ఫవేలాల్లో, అంటే కొండవాలు మురికివాడల్లో, బతికే ఆడవాళ్లకు అది వచ్చిందని చెప్పేదెవరు? కరపత్రం పంచితే చదివేవాళ్లు తక్కువ. పన్మెలా తనకు చేతనైన పని పట్టుకుంది. 2010లో ‘రెడె నామీ’ అనే సంస్థ పెట్టింది. అక్కడి వీధి భాషలో అమ్మాయిని ‘మీనా’ అంటారు, దాన్ని తిరగేస్తే ‘నామీ’. ఆ సంస్థ వాళ్లు ప్రభుత్వ బడులకు వెళ్తారు. పిల్లలను కూర్చోబెట్టి మాట్లాడతారు. కొట్టడమంటే ఏమిటి, తిట్టడం కూడా హింస కిందికి వస్తుందా, ఫోను లాక్కుని చూడటం ప్రేమేనా, చట్టం ఏమంటుంది. ఆ మాటలయ్యాక గోడ దగ్గరికి తీసుకెళ్తారు. విన్నదాన్ని పిల్లలు బొమ్మగా వేయాలి.

మాట ముందు, బొమ్మ తర్వాత. ఈ వరుస చాలా ముఖ్యం. ఉపన్యాసం విని ఇంటికెళ్లిన పిల్లాడికి రెండు రోజుల్లో ఏమీ మిగలదు. అదే ఉపన్యాసాన్ని బొమ్మగా మార్చమంటే, ‘ఇందులో అమ్మ ఎక్కడుండాలి, నాన్న చెయ్యి ఎలా ఉండాలి’ అని తనే ఆలోచించుకోవాలి. తన ఇల్లు గుర్తురాకుండా ఆ బొమ్మ వేయలేడు.

ఇంకో విషయం కూడా గమనించాలి. బ్రెజిల్ 2011లో చట్టం మార్చి, గోడ యజమాని ఒప్పుకుంటే గ్రాఫిటీ, అంటే గోడల మీద రంగుల రాతలూ బొమ్మలూ, నేరం కాదని చెప్పింది. అదే చట్టం పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు స్ప్రే డబ్బాలు అమ్మకూడదని కూడా అంది. రాత్రి దొంగచాటుగా రాసే అలవాటు నుంచి పగటిపూట, పెద్దలు తోడుండగా, అడిగి వేసే పద్ధతికి ఆడపిల్లలు రావడం ఈ మార్పుతో తేలికైంది. రాత్రిళ్లు గోడలెక్కి పరుగెత్తడం అనేది ఎంత సాహసమైనా, ఎక్కువమంది ఆడపిల్లలకు అందని సాహసం. న్యూయార్క్‌లో 1979లో, పదిహేనేళ్ల వయసులో, రైలు పెట్టెల మీద రంగులు వేయడం మొదలుపెట్టిన లేడీ పింక్ లాంటివాళ్లు ఆ రోజుల్లో వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే ఉండటానికి కారణం ఇదే. అందుకే అనుమతి తీసుకున్న గోడను తక్కువగా చూసేవాళ్లతో నేను ఏకీభవించను. పగటి వెలుతురే ఆడపిల్లలకు సగం బలం.

మన దేశంలో నాకు బాగా నచ్చిన ఉదాహరణ బెంగళూరుది. 2016లో పూర్ణిమా సుకుమార్ మొదలుపెట్టిన అరవాణి ఆర్ట్ ప్రాజెక్ట్. తమిళనాట ట్రాన్స్ మహిళలను అరవాణులు అనేవాళ్లు. అర్జునుడికీ ఉలూపికీ పుట్టిన ఇరావంతుడే అక్కడ అరవాన్. కూవాగం అనే ఊళ్లో ఏటా చిత్తిరై మాసపు ఉత్సవంలో ట్రాన్స్ మహిళలు ఆయన్ను పెళ్లాడి, మర్నాడు వైధవ్యం పొందుతారు. ఆ పేరు పెట్టుకున్న ఈ బృందంలో ట్రాన్స్ మహిళలూ ఇతర స్త్రీలూ కలిసి గోడలకు రంగులు వేస్తారు. ఏ పేటలో వేస్తే ఆ పేటలోని ట్రాన్స్ మహిళల కథలు విని, వాళ్ల మొహాలు రెండంతస్తుల ఎత్తున గీస్తారు.

బెంగళూరు కె.ఆర్. మార్కెట్ దగ్గర గోడ మీద వాళ్లు కన్నడంలో రాసిన మాటకు అర్థం ‘మేమున్నాం’. ఆ ఒక్క మాటలో ఎంత ఉందో ఆలోచించండి. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్లను మూడో జెండర్‌గా గుర్తిస్తూ తీర్పు ఇచ్చింది. కాగితం మీద ఆ రోజే ఉన్నారు. కానీ మార్కెట్‌కు వచ్చే జనానికి వాళ్లు సిగ్నల్ దగ్గర చప్పట్లు కొట్టి డబ్బులడిగేవాళ్లుగానే తెలుసు. నిన్నటిదాకా కారు అద్దాలు ఎత్తేసుకున్నవాళ్లు, ఇవాళ అదే మనిషి నిచ్చెన మీద నిలబడి రంగులు వేస్తుంటే కింద ఆగి ‘బాగుందమ్మా, ఎవరా బొమ్మ?’ అని అడుగుతారు. అడిగినవాడికి ఆమె కిందికి చూసి జవాబు చెబుతుంది. ఒకరు పైన, ఒకరు కింద. అంతదాకా ఉన్న తీరు ఆ కాసేపు తలకిందులవుతుంది. 2024లో ఈ బృందం వేసిన పెద్ద గోడచిత్రాన్ని వెనిస్ బినాలే అనే కళా ప్రదర్శనలో ప్రపంచమంతా చూసింది. అది గొప్పే. కానీ నా దృష్టిలో కె.ఆర్. మార్కెట్ గోడ దాని కన్నా గొప్పది. ఎందుకంటే అక్కడ చూసేవాళ్లు బొమ్మలు చూడటానికి వచ్చినవాళ్లు కారు, కూరగాయలు కొనుక్కోవడానికి వచ్చినవాళ్లు.

వీధే దొరకని చోట ఏం చేయాలి? కాబూల్‌లో 2010 డిసెంబరులో గ్రాఫిటీ నేర్పే శిబిరం ఒకటి జరిగింది. అక్కడ నేర్చుకున్న షంసియా హసానీ గోడల మీద ఒక అమ్మాయిని గీయడం మొదలుపెట్టింది. ఆ అమ్మాయికి నోరుండదు, కళ్లు మూసుకుని ఉంటాయి, చేతిలో మాత్రం తరచూ ఏదో ఒక వాయిద్యం ఉంటుంది. నోరు లేకపోయినా ఆ వాయిద్యమే మాట్లాడుతుందని ఆమె భావం. కాబూల్ వీధిలో ఆడమనిషి ఎక్కువసేపు నిలబడటం ప్రమాదం, అందుకని నిమిషాల్లో ముగించుకుని వెళ్లిపోయేది. అదీ కుదరనప్పుడు నగరం ఫోటోలు తీసుకుని ఇంట్లో కూర్చుని ఆ ఫోటోల్లోని గోడల మీద బొమ్మలు వేసేది. వీధి తనను రానివ్వకపోతే వీధినే ఇంటికి తెచ్చుకుంది. ఆ ఫోటోలు చూసిన ప్రతిసారీ మనం ఎంత తేలిగ్గా ఇంట్లోంచి బయటికి అడుగుపెడతామో గుర్తొచ్చి గుండె బరువెక్కుతుంది.

ఇక ధైర్యం సంగతి. ధైర్యం, ఆత్మవిశ్వాసం అనే మాటలను మనం చాలా తేలిగ్గా వాడేస్తాం. వేదిక మీద నిలబడి ‘మీరు సాధించగలరు’ అంటే పిల్లలకు వచ్చేస్తుందన్నట్టు. ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో దీన్ని విడదీసి చూపించాడు. ‘ఈ పని నేను చేయగలను’ అన్న నమ్మకం నాలుగు దారుల్లో వస్తుందన్నాడు. తను చేసి నెగ్గడం, తనలాంటివాళ్లు చేస్తుంటే చూడటం, ఇతరులు ప్రోత్సహించడం, భయపడ్డప్పుడు తన ఒళ్లు చేసే హడావిడిని తను ఎలా అర్థం చేసుకుంటుందన్నది. వీటిలో అన్నిటికన్నా బలమైనది మొదటిది. మాటలతో ఇచ్చే ప్రోత్సాహం దాని ముందు ఎప్పుడూ వెనకే.

గోడ దగ్గర ఈ నాలుగూ ఒకేచోట దొరుకుతాయి. పుస్తకంలో జానెడు ఉన్న బొమ్మను పది అడుగుల గోడకు పెంచాలి. దానికి గళ్లు గీసుకుంటారు. కాగితం మీద అంగుళం గడి గోడ మీద అడుగు గడి అవుతుంది, ఒక్కో గడిలో ఉన్నదాన్ని ఒక్కో గడిలోకి ఎక్కిస్తారు. చుక్కల ముగ్గు వచ్చిన పిల్లకు ఇది అరగంటలో వస్తుంది, ఎందుకంటే ఆమెకు ఇది ముందే తెలుసు. నేల మీద తెలిసినదాన్ని నిలబెడుతుంది, అంతే. మొదటి రోజు నిచ్చెన ఎక్కితే కాళ్లు వణుకుతాయి. మూడో రోజుకు ఆ వణుకు ఉండదు. పక్కన స్నేహితురాలు ఎక్కింది కదా, నేనెందుకు ఎక్కలేను అనుకుంటుంది. ఎవరైనా పొగిడితే మంచిదే, పొగడకపోయినా బొమ్మ ఎదురుగా ఉంటుంది. అది తనే వేసిందని ఎవరూ కాదనలేరు.

దీనికి తోడు ఇంకొకటుంది. ముంబయి మీద పరిశోధన చేసి శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే 2011లో ఒక పుస్తకం రాశారు. ఆడవాళ్లు వీధిలో ఊరికే నిలబడలేరు, ఏదో పని మీద వచ్చినట్టు కనిపించాలి అన్నది అందులో ప్రధానమైన మాట. చేతిలో సంచి ఉండాలి, ఫోను చెవి దగ్గర ఉండాలి, బస్సు కోసం చూస్తున్నట్టు ఉండాలి. బ్రష్షు ఆ పనిని కల్పిస్తుంది. రంగు డబ్బా పక్కన పెట్టుకుని ఆరు గంటలపాటు నడివీధిలో నిలబడిన పిల్లను ‘ఇక్కడేం పని?’ అని ఎవరూ అడగరు. నాలుగైదు రోజులయ్యేసరికి ఆ వీధిలో ఏ మూల ఏముందో, ఏ కొట్టతను మంచివాడో, ఎవరి చూపు బాగోలేదో ఆమెకు తెలిసిపోతుంది. తెలిసిన చోట భయం తగ్గుతుంది.

కిందటేడు మా ఊళ్లో ఓ ఆడపిల్లల హైస్కూలు ప్రహరీ గోడ మీద తొమ్మిదో తరగతి పిల్లలు బొమ్మలు వేస్తుంటే రెండు సాయంత్రాలు అక్కడే నిలబడ్డాను. ఏం వేయాలో వాళ్లే తేల్చుకున్నారు. ఒక బొమ్మలో అమ్మ ట్రాక్టరు తోలుతోంది, ఇంకోదాంట్లో పిల్లాడు పెరట్లో కూర్చుని అంట్లు తోముతున్నాడు. మోటారు సైకిలాపి ఒకాయన అడిగాడు, ‘ఏమ్మా, మగపిల్లాడి చేత అంట్లు తోమిస్తారా?’ అని. నిచ్చెన మీదున్న పిల్ల బ్రష్షు ఆపకుండానే అంది: ‘తిన్న కంచమేగా బాబాయ్, తోముకుంటే అరిగిపోతాడా?’ ఆయన నవ్వి వెళ్లిపోయాడు. ఆ పిల్ల తరగతిలో లేచి నిలబడి జవాబు చెప్పదని టీచరమ్మ తర్వాత నాతో అంది.

ఇలాంటి పనులు దారి తప్పే చోట్లు కూడా ఉన్నాయి. మన ఊళ్లలో ఆడపిల్లల గురించి రాతలున్న గోడలకు కొదవ లేదు. ‘కూతుర్ని వద్దనుకుంటే కోడలెక్కడి నుంచి వస్తుంది?’ అన్న రాత చాలామంది చూసే ఉంటారు. ఉద్దేశం మంచిదే. కానీ ఆ మాటలో ఆడపిల్ల విలువ ఎక్కడుంది? ఇంకొకరి ఇంటికి కోడలు కావడంలో ఉంది. మూసను పగలగొడుతున్నామనుకుంటూ దాన్నే సున్నం వేసి నిలబెట్టడమిది. పది చేతుల స్త్రీ బొమ్మ కూడా అంతే. ఒక చేతిలో గరిటె, ఒక చేతిలో ల్యాప్‌టాప్, చంకలో పిల్లాడు. దేవతను చేసి పూజిస్తున్నట్టు ఉంటుంది గానీ, ఆమె చేతుల్లోని పనుల్లో ఒక్కటి కూడా ఇంకొకరు అందుకోరు. పైగా ఇవన్నీ గుత్తేదారు మనుషులు వచ్చి వేసి వెళ్లిపోయేవి. ఆ బడి పిల్లలు చూస్తూ ఉంటారంతే. వాళ్ల చేతికి రంగు అంటదు.

మగపిల్లలను పక్కన పెట్టడం ఇంకో పొరపాటు. మూస వాళ్లను కూడా బిగించే ఉంచింది, ఏడవకూడదని, వంటింట్లోకి పోకూడదని. రియోలోని ప్రొముండో అనే సంస్థ మరికొన్ని సంస్థలతో కలిసి కుర్రాళ్ల కోసం ‘ప్రోగ్రాం హెచ్’ తయారుచేసింది. ముంబయి బస్తీల్లో అదే ‘యారీ దోస్తీ’గా మారింది. మగతనమంటే ఏమిటో కుర్రాళ్లు వాళ్లలో వాళ్లు మాట్లాడుకోవడమే అందులో కీలకం. గోడ దగ్గర కూడా అంతే జరగాలి. అయితే ఒక జాగ్రత్త అవసరం. ఆడా మగా కలిసి వేసేచోట ఊరికే వదిలేస్తే మగపిల్లలు నిచ్చెనెక్కుతారు, ఆడపిల్లలు బ్రష్షులు కడుగుతారు. ఎవరూ చెప్పకుండానే ఇల్లు అక్కడికి వచ్చేస్తుంది. పూటకొకరు చొప్పున పనులు మార్చాలి, ఆ చీటీ గోడ పక్కనే అంటించాలి.

ఇలాంటిది తమ ఊళ్లో చేద్దామనుకునే టీచర్లకు, కాలేజీ పిల్లలకు ఒకటి రెండు మాటలు. గోడ యజమాని అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. బహిరంగ ప్రదేశాలను పాడుచేయడాన్ని నిషేధిస్తూ ఉమ్మడి రాష్ట్రంలో 1997లో వచ్చిన చట్టం ఉంది, అడక్కుండా వేస్తే చిక్కు. వీధి గోడకు ఎండా వానా తట్టుకునే బయటి గోడల ఎమల్షన్ వాడండి, కింద ప్రైమరు తప్పనిసరి. పెచ్చులూడే గోడను ముందు గీకాలి. బొమ్మలో ఎక్కడో ఒకచోట 181 నంబరు వేయండి, అది మహిళల సహాయ కేంద్రానిది. బ్రెజిల్‌లో ఇలాంటి నంబరు 180. గోడ ముందు వీధి దీపం వెలగకపోతే దానికీ ఒక అర్జీ పెట్టండి. చీకట్లో ఉన్న గోడ మీద ధైర్యం గురించి ఎంత అందమైన బొమ్మ ఉన్నా, ఆ దారిన రాత్రి నడవాల్సిన పిల్లకు దీపమే కావాలి. అన్నిటికన్నా ముందు, ఏం వేయాలో పిల్లలనే అడగండి. మూలన వాళ్ల పేర్లు రాయించండి.

మా ఊరి గోడ ఎక్కువ కాలం ఉండలేదు. ఆరు నెలలకు ఎవరో పెద్దమనిషి వస్తున్నారని బడి గోడంతా సున్నం వేయించి, ఆ మీద స్వాగతం రాయించారు. ట్రాక్టరు తోలే అమ్మ పోయింది, అంట్లు తోమే పిల్లాడు పోయాడు, మూలన ఉన్న పదకొండు పేర్లూ పోయాయి. నాకు చాలా కష్టంగా అనిపించి సాయంత్రం అటు వెళ్లాను. నిచ్చెన మీద నుంచి జవాబు చెప్పిన పిల్ల, ఇంకో ఇద్దరు గోడ దగ్గరే ఉన్నారు. ఏడుస్తున్నారేమో అనుకున్నాను. దగ్గరికెళ్తే, స్వాగతం అక్షరాలు ఎక్కడిదాకా ఉన్నాయో, వాటి పక్కన ఇంకా ఎన్ని అడుగుల జాగా మిగిలిందో టేపు పట్టుకుని కొలుస్తున్నారు. టేపు రెండో కొస పట్టుకోమని నా చేతికిచ్చారు.